బందు రోజు కొలిచిన తార్నాక

మా నగర ప్రణాళిక ఆఫీసు వాళ్లు ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్లానర్లకు శిక్షణ తరగతులు పెట్టారు. అందులో ఒక పూటంతా ప్రజాభిప్రాయ సేకరణ గురించేనట. రిటైరైన వాళ్లను పిలిచి అనుభవాలు చెప్పించారట. నన్ను పిలవలేదు. నేనుండేది తార్నాకలోనే, ఆ తరగతులు పెట్టిన హాలుకు నడిచి వెళ్లేంత దూరంలో. నా ఫోన్ నంబరు ఉద్యోగంలో ఉన్నప్పటిదే. నన్ను మరిచిపోయారనుకోవడానికి వీల్లేదు. రిటైరైన వాళ్ల సంఘం చందాకు మాత్రం అదే నంబరుకు తప్పకుండా ఫోన్ చేస్తారు.

పిలిచిన వాళ్లలో మాధవరావు గారు ఉన్నారు. ఆయన చాలా ఏళ్లు నాకు పైఅధికారి. తార్నాక సెంటర్‌ను కొత్తగా కట్టాలనుకున్నప్పుడు అక్కడి జనం ఏమన్నారో ఆయనే వివరించారట. ఆ జనం ముందు మైకు పట్టుకుని నిలబడింది నేను. ఆయన ఆ రోజు అక్కడ లేరు. లేని మనిషి చూసినట్టు చెప్పాడు. ఉన్న మనిషి ఇంట్లో కూర్చుని ఇంకొకరి నోటి ద్వారా విన్నాడు.

అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు రావలసినవి ఎందుకు రాలేదో మొదలుపెడితే వేరే పుస్తకం అవుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒక్క తార్నాక చాలు.

రోడ్డు ఖాళీగా దొరికిన రోజు

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలం అది. తార్నాక కూడలి, బస్టాపులు, వెనక సందులు, యూనివర్సిటీ వైపు వెళ్లే దారి, వీటన్నిటినీ కలిపి కొత్త రూపం ఇవ్వాలని పైనుంచి ఆదేశం వచ్చింది. వెడల్పాటి ఫుట్‌పాత్‌లు, పార్కింగు, ఒకే తీరు దుకాణాల భవనం. బొమ్మల్లో బాగుంటుంది. బొమ్మల్లో బాగోని ప్లానును నేను చూడలేదు.

ఏ ప్లానుకైనా ముందు కొలతలు కావాలి. మామూలు రోజున తార్నాక కూడలిలో టేపు పరిచి చూడండి. బస్సు దాని మీదుగా పోతుంది, వెనకాలే ఆటో వాడు తిట్టి పోతాడు. అందుకని మా వృత్తిలో ఒక అలవాటు పుట్టింది. బందు పిలుపు వస్తే మిగతా ఆఫీసులు తలలు పట్టుకునేవి, మేం టేపులు పట్టుకునేవాళ్లం. రోడ్డంతా మాదే. సర్వేయర్ యాదగిరి ఉత్సాహంగా అనేవాడు, "ఓబులేసు సార్, రేపు బంద్ అట. మన పండుగ!" ఆ కుర్రాడిది నల్లగొండ వైపు. ఉదయం టేపు లాగి, సాయంత్రం ఊరేగింపులో జెండా పట్టేవాడు. పనిలో మాత్రం ఏ లోటూ చేసేవాడు కాదు.

కొలతల వరకూ ఈ పద్ధతి మంచిదే. రోడ్డు బందు రోజైనా అంతే వెడల్పు ఉంటుంది. కానీ ఇంకో సర్వే ఉంటుంది: ఏ కట్టడం దేనికి వాడుతున్నారు, ఇల్లా, దుకాణమా, ఖాళీయా అని. దానికి మళ్లీ జీపు, మళ్లీ మనుషులు ఎందుకని అదే రోజు అదీ కానిచ్చేశారు. అలా చేయమన్నది మాధవరావు గారు. ఆ మాట ఆయన యాదగిరితో నా ముందే అన్నారు, కాబట్టి నాకు గుర్తు లేదనడానికి కుదరదు.

బస్టాపు వెనక యూనివర్సిటీ దారి మొదట్లో ఒక దుకాణాల వరుస ఉండేది. రేకుల పైకప్పు. జిరాక్సు, పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు బైండింగ్ చేసే కొట్టు, సైకిల్ రిపేరు, ఒక దర్జీ, చివర మరియమ్మ మెస్సు. మరియమ్మ వరంగల్ పక్క పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం మనిషి. మధ్యాహ్నం హాస్టల్ పిల్లలు ఆమె దగ్గర తినేవాళ్లు, నేనూ తిన్నాను. పచ్చిపులుసు బాగా చేసేది. నాకు ఎప్పుడూ రెండోసారి అడక్కుండా వడ్డించలేదు. అదీ గుర్తుంది.

బందు రోజున ఆ వరుసంతా మూసేశారు. మనస్ఫూర్తిగా మూసేశారు, ఉద్యమం వాళ్లది. రోడ్డుకు అవతల పెద్ద షాపుల వాళ్లు మాత్రం షట్టరు సగం దించి, లోపల వ్యాపారం చేసుకున్నారు. యాదగిరి చూసింది చూసినట్టు రాశాడు. సగం దించిన వాటికి "నడుస్తున్న దుకాణం", పూర్తిగా దించిన వాటికి "మూత". మ్యాపు రంగులు వేసే గదికి పోయేసరికి మూత ఉన్నవన్నీ బూడిద రంగు అయ్యాయి. మా భాషలో బూడిద రంగు అంటే వాడకంలో లేనిది, తీసేసినా ఎవరికీ నష్టం లేనిది.

అంటే బందును నిజాయితీగా పాటించినవాళ్లు మ్యాపులో లేకుండా పోయారు. పాటించినట్టు నటించినవాళ్లు ఉన్నారు. ఇంత వింత తప్పు ఇంకో ఊళ్లో జరగదు, ఇంకో కాలంలో జరగదు.

నేను పట్టుకున్నాను ఆ తప్పును. మ్యాపు తీసుకుని మాధవరావు గారి గదికి వెళ్లాను. "సార్, ఇవి ఖాళీవి కావు. నేను ఆ మెస్సులో తింటాను," అన్నాను. ఆయన తల ఎత్తకుండా, "మీరు తింటే అది నడుస్తున్నట్టా ఓబులేసు గారూ? సరే, పబ్లిక్ మీటింగులో వాళ్లే చెబుతారు కదా. అందుకే కదా మీటింగు," అన్నారు. గదిలో ఇంకో ఇద్దరు నవ్వారు. వాళ్లెవరో నాకు తెలుసు.

నా పేరున్న బ్యానరు

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

మాధవరావు గారు పుట్టింది ముషీరాబాద్‌లో. ఆయనకు మూడు రకాల తెలుగు వచ్చు. మంత్రుల ముందు పుస్తకాల తెలుగు, కోస్తా కాంట్రాక్టర్లతో వాళ్ల తెలుగు, సంతలో కూరగాయల దగ్గర, "ఏందే, గింత పిరమా?" అనే సొంత తెలుగు. నాది రాయలసీమలో ఆదోని వైపు. ఉన్నదొక్కటే నాలుక. పాతికేళ్లు ఈ నగరంలో ఉన్నా ఇప్పటికీ "యాడ" అంటాను, "చెప్తాండా" అంటాను. నేను నోరు విప్పితే నా ఊరు బయటపడుతుంది.

అంతవరకూ జరిగిన ఏ ప్రజల సభలోనూ నా పేరు బ్యానరు మీద వేయలేదు. నివేదిక నాది, మ్యాపు నాది, పేరు మాధవరావు గారిది. ఒకసారి ఆఫీసు పత్రికలో సభ ఫొటో వేశారు, అందులో నా మోచెయ్యి ఒక్కటే పడింది. దీని గురించి అడిగాను కూడా. తార్నాక సభకు మాత్రం పెద్ద అక్షరాలతో "వివరణ: శ్రీ ఓబులేసు" అని వేయించారు. ఓబులేసు అనే పేరు ఏ ప్రాంతంలో పెడతారో హైదరాబాద్‌లో ఎవరికి తెలియదు?

నేను వెళ్లి అడిగాను, "సార్, ఈ పరిస్థితుల్లో నేనెందుకు? మీరు మాట్లాడితే వాళ్ల మాటలో ఉంటుంది." ఆయన చాలా ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేశారు. "మీకు సబ్జెక్టు తెలుసు. ఎప్పుడూ పేరు లేదంటారు కదా, ఈసారి మీ పేరే."

ఆ చెయ్యి అంతకుముందు ఎప్పుడూ నా భుజం మీద పడలేదు. అప్పుడే అనుమానించాల్సింది. కానీ చాలాకాలం అడిగింది దొరికినప్పుడు మనిషి దాన్ని తిప్పి చూడడు. మా ఆవిడకు బ్యానరు గురించి చెప్పాను కూడా.

సభ తార్నాకలోనే ఒక కమ్యూనిటీ హాల్లో. జనం బాగా వచ్చారు. రేకుల వరుస వాళ్లు ముందు కూర్చున్నారు, మరియమ్మ మెస్సు పనిలోంచి చీరకొంగు నడుముకు దోపుకునే వచ్చింది. వెనక విద్యార్థులు నిలబడ్డారు. అనుకున్నదాని ప్రకారం చివరి నిమిషంలో మాధవరావు గారికి "అర్జెంటు మీటింగు" వచ్చింది.

నేను మనసులో ఒకటి నిర్ణయించుకున్నాను. ప్లాను గొప్పలు చెప్పే ముందు మ్యాపులో తప్పుందని చెప్పేయాలి, అది రాతలోకి ఎక్కాలి. మైకు తీసుకుని అన్నాను: "అందరికీ నమస్కారం. ముందు ఒక మాట చెప్తాండా. మొన్న బందు వల్ల ఈ ప్లానులో ఒక పొరపాటు జరిగినాది..."

అంతే. వాక్యం పూర్తి కాలేదు.

"ఏందీ? బంద్ వల్లనా?" వెనక నుంచి ఒక గొంతు. "బంద్‌ను తప్పు వడుతున్నవా?"

"లేదప్పా, నేను చెప్పేది వినండి..."

"అప్పా అంట! యాడికెళ్లి వచ్చినవ్ అప్పా నువ్వు?" హాలంతా నవ్వు, ఆ వెంటనే నినాదాలు. ఒకాయన లేచి, "మా తార్నాకకు ప్లాన్ గీసెటోడు మా తార్నాకల దొరకలేదా?" అన్నాడు. నేను తార్నాకలోనే ఉంటానని చెప్పాను. అది మరింత తప్పయింది. "ఉంటవ్! మంచిగుంటవ్! ఉండుకుంట మమ్ముల వెల్లగొడ్తవ్!"

వాళ్ల మీద నాకు కోపం లేదు, లేదని అబద్ధం చెప్పను, కొంచెం ఉంది. కానీ వాళ్ల అనుమానం తప్పు కాదు. ఎన్నో ఏళ్లుగా ఎవరో వచ్చి ఏదో గీసి పోతే, చివరికి ఎక్కడో ఒకచోట వాళ్ల ఇల్లో కొట్టో పోయింది. అనుమానం సరైనదే, మనిషే తప్పు. ఆ తప్పు మనిషిని వాళ్ల ముందు నిలబెట్టిందెవరన్నదే నా ప్రశ్న.

సభ అక్కడితో ముగిసింది. బూడిద రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు, మ్యాపు దగ్గరకు రాగలిగితే కదా. మాధవరావు గారు నివేదికలో ఇలా రాశారు: సభ నిర్వహించబడినది, ప్రజలు పెద్ద సంఖ్యలో హాజరైనారు, ప్రణాళికలోని అంశాలపై నిర్దిష్టమైన అభ్యంతరాలు నమోదు కాలేదు. అందులో ఒక్క అబద్ధం లేదు. అబద్ధమైతే పట్టుకోవచ్చు.

గేటు లోపల

కొత్తవాళ్లు ఇది నేర్చుకోండి: మీ పైవాళ్లు సభ ఎక్కడ పెడుతున్నారో చూడండి, ఏం మాట్లాడతారన్నది తర్వాత. రెండో సభను యూనివర్సిటీ లోపల సెమినార్ హాల్లో పెట్టారు. "ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు. ఉద్యమం రోజుల్లో ఆ గేటు దగ్గర పోలీసులు, ముళ్ల కంచె, గుర్తింపు కార్డు చూపితే తప్ప లోపలికి పంపరు. రేకుల కొట్ల వాళ్లకు యూనివర్సిటీ కార్డులుండవు. ఈ సంగతి మాధవరావు గారికి తెలియదని మీరు నమ్మితే నమ్మండి.

ఈసారి ఆయనే మాట్లాడారు, పుస్తకాల తెలుగులో. ఎదురుగా ప్రొఫెసర్లు, మంచి కుర్చీలు, బిస్కట్లతో చాయ్. ఒకరు ఫౌంటెన్ కావాలన్నారు. ఒకరు పుస్తకాలు చదువుకునే బెంచీలు కావాలన్నారు. ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, "ఈ బూడిద రంగు ఏమిటండీ?" అని అడిగారు.

"వాడకంలో లేని కట్టడాలు, సార్."

"అదేంటి, నా థీసిస్ అక్కడే కదా బైండింగ్ చేయించాను?"

"ఎప్పుడు సార్?" అన్నారు మాధవరావు గారు నవ్వుతూ. పెద్దాయన కూడా నవ్వి, తన వయసు గుర్తొచ్చినట్టు చాయ్ అందుకున్నారు.

నేను లేచాను. "సార్, అవి వాడకంలో ఉండాయి. సర్వే చేసింది బందు రోజు, అందుకే మూసినారు," అన్నాను.

మాధవరావు గారు సభ వైపు తిరిగి, "మా ఓబులేసు గారికి బందులంటే పడదండీ. రాయలసీమ కదా," అన్నారు. హాలు నవ్వింది. హాయిగా, చదువుకున్న నవ్వు. మొదటి సభలో నా మీద అరిచిన వాళ్లను నేను మరిచిపోగలను. ఈ నవ్వును మరిచిపోలేదు. ఎవరెవరు నవ్వారో వరుసల ప్రకారం చెప్పగలను.

మ్యాపు చుట్టి చంకలో పెట్టుకుని బయటకు వచ్చేశాను.

గేటు బయట

గేటు అవతల మరియమ్మ, దర్జీ, ఇంకా వరుస వాళ్లు కొందరు నిలబడి ఉన్నారు. మరియమ్మ కానిస్టేబుల్‌తో తగువు పెట్టుకుంటోంది.

"రోజు హాస్టల్‌కు అన్నం డబ్బాలు తీస్కవోతుంటే ఇడుస్తవ్ గదా కొడకా. ఇయ్యాల ఉత్త నోరు తీస్కొస్తే ఇడుస్తలేవేంది?"

"ఆర్డర్ లేదమ్మా. కార్డు ఉంటెనే."

"నా కార్డు నీ పొట్టల ఉన్నది. నిన్న పప్పుచారు ఎవలు వోసిన్రు నీకు?"

కానిస్టేబుల్ తల దించుకుని నవ్వాడు గానీ కంచె జరపలేదు. నన్ను చూడగానే ఆమె ముఖం మారింది.

"అగో, వచ్చిండు మైకు సార్. లొల్లి వెట్టిచ్చి పోయినవ్ గదా గా రోజు."

"నేను పెట్టించలేదమ్మా."

"మరెవలు వెట్టిచ్చిన్రు?"

నేను మ్యాపును పోలీసుల బారికేడు మీద పరిచాను. ఇది మీ వరుస, ఇది మీరు మూసిన రోజున వేసిన రంగు, అని చూపించాను. దర్జీ మొదట నమ్మలేదు. "బంద్ చేసినందుకు ఖాళీ అని రాసిన్రా? మరి గా షట్టర్ సగం దించినోళ్లు?" అన్నాడు. వాళ్లు ఉన్నారని, నడుస్తున్న దుకాణాలకు వేసే గోధుమ రంగు వాళ్లదని చూపించాను.

దర్జీ ఆ గోధుమ రంగు మీద వేలితో తట్టాడు. తర్వాత మరియమ్మ అంది, "రాస్కో సార్. మేం మూసింది గిరాకీ లేక కాదు. తెలంగాణ వస్తదని మూసినం. వచ్చినంక గీడనే తెరిచి కూసుంటం. గట్లనే రాయి, నీ మాటల రాయకు."

అట్లానే రాసుకున్నాను. అక్కడున్న అందరి అభ్యంతరాలూ రాసుకుని, మర్నాడు మాధవరావు గారి టేబుల్ మీద పెట్టాను. ఆయన చదివి, చాలా మర్యాదగా తిరిగిచ్చేశారు.

"ఇవి సభా స్థలంలో వచ్చిన అభిప్రాయాలు కావు కదా, ఓబులేసు గారూ. గేటు బయటివి."

"వాళ్లను గేటు బయట ఆపింది మనం కదా సార్."

"పోలీసులు," అన్నారాయన. నెల తిరగక ముందే నన్ను నగరానికి అవతల వైపు పనికి మార్చారు. కారణం రాయలేదు.

గడ్డి

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు రేకుల వరుస ముందు మరియమ్మ అందరికీ మిఠాయి పంచింది. నేను దూరం నుంచి చూశాను, దగ్గరకు పోలేదు, పోతే ఏమంటుందో తెలుసు. ఆఫీసు బోర్డు మారింది, గోడ మీద ఫొటోలు మారాయి. మ్యాపులో బూడిద రంగు మాత్రం మారలేదు. పెద్ద భవనం మాట మూలబడింది గానీ, కూడలి వెడల్పు పేరు మీద "వాడకంలో లేని" ఆ వరుసను తీసేశారు. ప్రజలు అభ్యంతరం చెప్పలేదు కదా మరి.

ఇప్పుడక్కడ ఇనుప కమ్ముల వెనక కొంచెం గడ్డి, ఒక సిమెంటు బెంచీ ఉన్నాయి. నీడ లేదు, ఎవరూ కూర్చోరు. నేను రోజూ ఆ పక్కనుంచే పాలకు వెళ్తాను.

మొన్న సీతాఫల్‌మండిలో మరియమ్మ కనిపించింది. రైల్వే స్టేషన్ దగ్గర ఒక గది తీసుకుని టిఫిన్లు వేస్తోంది. మనిషి బాగా సన్నబడింది. నన్ను గుర్తుపట్టింది, కూర్చోమనలేదు.

"తెలంగాణ వచ్చింది సార్," అంది. "నేనే గీడికొచ్చిన."

నేను ఇడ్లీ కట్టమన్నాను. ఆమె కడుతూ కడుతూ, నా వైపు చూడకుండానే అడిగింది: "గిప్పుడన్న చెప్పు. గా రోజు మైకు ముందట నిన్నెవలు నిలవెట్టిన్రు? ఎందుకు నిలవెట్టిన్రు? నువ్వు కాక మావోడెవడన్న చెప్పి ఉంటే మేం ఇనకపోదుమా?"

ఇంటికి వచ్చి ఆ ప్రశ్న మా ఆవిడకు చెప్పాను. "మాధవరావుకు అంత తెలివి యాడిది? ఆ రోజు ఆయనకు నిజంగానే వేరే పని ఉండొచ్చు. నువ్వు ప్రతిదాంట్లో కుట్ర చూస్తావ్," అంది. ఉండొచ్చు. కుట్ర కాకపోవచ్చు, వట్టి బద్ధకం కావచ్చు, నా పేరు కోసం నిజంగానే ముచ్చటపడి ఉండవచ్చు. అయితే ఆ మాట ఆయన నోటితో రావాలి. ఇన్నేళ్లలో మూడుసార్లు కలిసి అడిగాను. మొదటిసారి నవ్వారు, రెండోసారి బీపీ గురించి చెప్పారు, మూడోసారి నేను గేటు తీస్తుండగానే ఆయన కుక్కను వదిలారు. కుక్క మంచిదే, ఏమీ చేయలేదు.

కొత్తగా వచ్చిన పిల్లలారా, మీకు తరగతిలో ఆయన ఏం నేర్పారో నాకు తెలియదు. నేను చెప్పేదింతే. జనాన్ని అడిగేటప్పుడు ఏ రోజు అడుగుతున్నారు, ఎక్కడ అడుగుతున్నారు, ఎవరి నోటితో అడుగుతున్నారు, ముందు ఇది తేల్చుకోండి. ఇవి మూడూ ఎవరో ముందే నిర్ణయించి మీ చేతిలో పెడితే, మీరు మోస్తున్నది ప్రశ్న కాదు, ముందే రాసుకున్న జవాబు.

మాధవరావు గారూ, మీరు ఇది చదువుతారని నాకు తెలుసు, మీకు ఎవరో ఒకరు చూపిస్తారు. యాదగిరిని ఆ రోజే రెండు సర్వేలూ చేయమన్నదెందుకు? మీకు వచ్చిన ముషీరాబాద్ మాట మీ నోట్లోనే దాచుకుని, నన్ను ఆ బ్యానరు కింద నిలబెట్టిందెందుకు? నాకు చెప్పకపోయినా పరవాలేదు, మీ జవాబు లేకుండా బతకడం నాకు అలవాటైంది. సీతాఫల్‌మండి స్టేషన్ ఎదురుగా, మెట్ల పక్క గదిలో, పొద్దున పూట మరియమ్మ ఉంటుంది. వెళ్లి ఆమెకు చెప్పండి. మీ సొంత తెలుగులో చెప్పండి.